కుట్టు చెడింది, లోపం చుట్టలో ఉంది: ఒక తొక్కుడు మిషను కేస్ స్టడీ

కుట్టుమిషన్ల మరమ్మతు నా వృత్తి. ఈ కేసులో చివరికి మార్చవలసివచ్చిన విడిభాగం ఒక చిన్న రబ్బరు రింగు మాత్రమే. కానీ ఆ రింగు దాకా చేరుకోవడానికి నేను ఆ మిషను దగ్గరికి మూడుసార్లు వెళ్లాను, మొదటిసారి నేను చెప్పిన కారణం పూర్తిగా తప్పు. ఆ తప్పు జరిగిన తీరును కూడా దాచకుండా రాస్తున్నాను. బాబిన్‌కు, అంటే కుట్టుకు కింది దారాన్ని అందించే చిన్న కండెకు, దారం చుట్టడాన్ని అసలు పనికి ముందు ఎలాగో ఒకలా ముగించే పనిగా చాలామంది చూస్తారు. మిషను బాగుచేసే మాబోటివాళ్లు కూడా బాబిన్ పెట్టే చిన్న డబ్బా అయిన బాబిన్ కేసు మీది స్క్రూను చూసినంత శ్రద్ధగా ఆ కేసు లోపలున్న దారపు చుట్టను చూడరు.

ఫిర్యాదు

ఇంట్లో ఒకే మిషను పెట్టుకొని బట్టలు కుట్టి ఇచ్చే ఒక మహిళ నన్ను పిలిచారు. ఆమెది నేరుకుట్టు మాత్రమే వేసే నల్లని పోత ఇనుప తొక్కుడు మిషను. బాబిన్ కేసును విడిగా బయటికి తీసి, బాబిన్ వేసి, మళ్లీ సూది కింద పై దారాన్ని పట్టుకునే షటిల్‌లో బిగించే రకం. బాబిన్ క్లాస్ 15 అని పిలిచే కొలతది, అంటే పక్క బిళ్లల అడ్డుకొలత సుమారు 20 మిల్లీమీటర్లు, వెడల్పు 12 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ.

ఆమె చెప్పిన ఇబ్బందులు రెండు. పల్చని బట్ట మీద కుట్టు ఒకచోట చక్కగా పడి, జానెడు దూరం పోయేసరికి వదులై, మళ్లీ తనంతట తనే సర్దుకుంటోంది. ఇది మొదటిది. కొన్ని బట్టలు మిషను మీదినుంచి తీసినప్పుడు సాపుగానే ఉండి, మర్నాడు చూసేసరికి కుట్టు వెంబడి ముడుచుకుపోతున్నాయి. ఇది రెండోది. అప్పటికే ఇద్దరు మెకానిక్కులు చూసి వెళ్లారు, ఇద్దరూ బాబిన్ కేసు స్క్రూను తిప్పారు. "స్క్రూ తిప్పిన రోజు బాగుంటుందండీ, మర్నాటికి మళ్లీ మొదటికే వస్తుంది" అని ఆమె అన్న మాటను ఆ రోజు నేను మామూలు ఫిర్యాదుగానే విన్నాను. ఆ మాటలోనే సగం నిర్ధారణ ఉందని తర్వాత తెలిసింది.

మొదటి సందర్శన: నేను చేసిన పొరపాటు

సూది మొన మొద్దుబారి ఉంది, కొత్త సూది వేశాను. షటిల్ గూట్లో పేరుకున్న దారపు నూగును బ్రష్‌తో తీశాను. బాబిన్ కేసు స్క్రూ మరీ వదులుగా అనిపించి పావు చుట్టు బిగించాను. కుట్టు సమతూకంగా పడుతోందో లేదో తేలిగ్గా కనిపించడానికి పై దారం ఎర్రది, కింది దారం తెల్లది పెట్టి పరీక్షించడం నా అలవాటు. అందుకోసం నా దగ్గర తెల్లదారం చుట్టిన బాబిన్లు ఎప్పుడూ ఉంటాయి. వాటిలో ఒకటి ఆమె మిషనులో వేసి మూరెడు కుట్టు వేశాను. రెండు దారాల ముడి బట్ట మందానికి సరిగ్గా మధ్యలో పడింది, పైన తెలుపు గానీ అడుగున ఎరుపు గానీ తొంగిచూడలేదు. సూది, నూగు, స్క్రూ కలిసి బాధ పెట్టాయని చెప్పి వచ్చేశాను.

జరిగిన తప్పులు రెండు. ఒకేసారి మూడు సర్దుబాట్లు చేశాను కాబట్టి ఏది పనిచేసిందో చెప్పే ఆధారం నాకు లేకుండా పోయింది. అంతకన్నా పెద్దది, పరీక్షకు నా బాబిన్ వాడాను. నిజానికి నేను మార్చిన నాలుగో వస్తువు అదే, కానీ దాన్ని మార్పుగా నేను లెక్కలోకే తీసుకోలేదు. నా ముందు వచ్చినవాళ్లు కూడా తమ బాబిన్లతోనే పరీక్షించి ఉంటారని ఇప్పుడు అనుకుంటున్నాను. స్క్రూ తిప్పిన రోజు బాగుండి మర్నాడు చెడిపోవడానికి అంతకుమించిన వివరణ నాకు తోచదు.

మూడోరోజు ఆమె మళ్లీ కబురు చేశారు.

రెండో సందర్శన: కుట్టును చదవడం

ఈసారి మొదట మిషను ముట్టుకోలేదు. నేను వెళ్లిన తర్వాత ఆమె కుట్టిన బట్టలు తెప్పించుకొని, పొడవైన కుట్టు ఒకటి వెలుతురులో పరిచి మొదటినుంచి చివరిదాకా వేలితో తడుముతూ చూశాను. ఒకచోట అడుగున పై దారం చుక్కలు చుక్కలుగా తేలింది, అంటే అక్కడ కింది దారం బిగుసుకొని ముడిని కిందికి లాగింది. రెండంగుళాల తర్వాత దానికి సరిగ్గా విరుద్ధంగా కింది దారం పైకి తేలింది, అంటే అక్కడ కింది దారం వదులైంది. ఆ తర్వాత కొంత దూరం కుట్టు బాగుంది, మళ్లీ బిగువు, మళ్లీ వదులు.

స్క్రూ సర్దుబాటులో తప్పుంటే కుట్టు ఇలా పడదు. బాబిన్ కేసు మీది రేకు స్ప్రింగు దారాన్ని ఎంత ఒత్తిడితో నొక్కి ఉంచుతుందో స్క్రూ నిర్ణయిస్తుంది. ఆ ఒత్తిడి ఎక్కువైనా తక్కువైనా కుట్టు మొదటి పోటునుంచి చివరి పోటుదాకా ఒకే తీరుగా చెడాలి. వస్తూ పోతూ ఉండే లోపానికి కారణం కూడా మారుతూ ఉండేదే అయివుండాలి. కింది దారం నడిచే దారిలో కుట్టు సాగుతున్నకొద్దీ మారిపోయేది ఒక్కటే, బాబిన్ మీద మిగిలిన చుట్ట. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, కానీ మొదటిరోజు నేను కుట్టును మూరెడు పొడవే చూశాను.

అనుమానం తీర్చుకోవడానికి బాబిన్లను తారుమారు చేసి చూశాను. నా బాబిన్ ఆమె మిషనులో వేసి మూడు మీటర్ల కుట్టు వేస్తే ఎక్కడా తేడా రాలేదు. ఆమె బాబిన్లలో ఒకటి తీసుకువచ్చి, బాగా నడుస్తున్న నా సొంత మిషనులో వేస్తే అదే వదులు, అదే బిగువు నా మిషను కుట్టులోనూ వచ్చాయి. లోపం మిషనులో లేదు, బాబిన్‌తో పాటు ప్రయాణిస్తోంది.

చుట్టలో ఏముంది

ఆమె వాడుతున్న బాబిన్లు ఐదూ వరుసగా పెట్టి చూశాను. మూడింటిలో దారం గోపురంలా ఒక బిళ్ల వైపు ఎత్తుగా, రెండో బిళ్ల వైపు పల్లంగా ఉంది. గోటితో నొక్కితే దూదిలా లోపలికి దిగింది. మిగతా రెండూ దీనికి పూర్తిగా భిన్నం. వాటి మీద దారం రాయిలా గట్టిగా ఉంది, బిళ్లల అంచులదాకా నిండిపోయింది. వాటిలో ఒకటి ప్లాస్టిక్ బాబిన్. దాని బిళ్లలు బయటికి ఒరిగి, కేసులో వేస్తే గోడకు రాసుకుంటూ తిరిగింది. ఒకే మనిషి, ఒకే మిషను మీద చుట్టిన బాబిన్లలో ఇంత తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్ననే ఈ కేసుకు తాళంచెవిగా తీసుకున్నాను.

మెత్తని చుట్ట కుట్టును ఎలా చెడగొడుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. మిషను దారాన్ని ధారగా లాగదు, పోటు పోటుకూ ఒక కుదుపుతో లాగుతుంది. చుట్ట గట్టిగా, సమంగా ఉంటే పైపొర దారం కింది పొర మీద నిలబడి శుభ్రంగా విడివడుతుంది. చుట్ట మెత్తగా ఉంటే లాగిన ప్రతిసారీ పైదారం కింది పొరల మధ్యకు కూరుకుపోయి అక్కడ ఇరుక్కుంటుంది, దాన్ని పెరికి తీయడానికి ఎక్కువ బలం కావాలి. అదే కుట్టులో కనిపించిన బిగువు. అది ఒక్కసారిగా విడివడినప్పుడు బాబిన్ అవసరానికి మించి తిరిగి దారాన్ని వదులుగా వదిలేస్తుంది. అదే వెంటనే కనిపించిన వదులు. గోపురంలా చుట్టిన దానిలో ఇంకో చిక్కు ఉంది, ఎత్తు వైపునుంచి చుట్లు వాలు మీదుగా పల్లంలోకి జారిపడి తర్వాతి చుట్ల కింద చిక్కుకుంటాయి. స్ప్రింగు ఒత్తిడిని ఎంత జాగ్రత్తగా సర్దినా దాని వెనకనుంచి వచ్చే ఈ ఎగుడుదిగుడును అది సరిచేయలేదు.

బాబిన్ ఇంత చిన్నదిగా ఎందుకు ఉండాలి, పై దారంలాగా పెద్ద రీలునుంచే ఎందుకు తీసుకోకూడదు అని కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచు అడుగుతారు. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషనునుంచి నేటి మిషన్లదాకా లాక్‌స్టిచ్ కుట్టు సూత్రం ఒక్కటే: సూది బట్ట అవతలికి తెచ్చిన దారపు ఉచ్చులోంచి కింది దారం మొత్తంగా అవతలికి పోవాలి. ఇలాంటి మిషనులో షటిల్ కొక్కెం ప్రతి పోటుకూ ఆ ఉచ్చును బాబిన్ కేసు చుట్టూ పూర్తిగా దాటిస్తుంది. ఉచ్చు చుట్టిరాగలిగినంత చిన్నదిగా కేసు ఉంటేనే అది సాధ్యం. కాబట్టి కింది దారాన్ని తక్కువ పరిమాణంలో మళ్లీ మళ్లీ చుట్టుకోక తప్పదు, ఆ చుట్టే పనిలో మిషను తయారీదారు ఇచ్చిన బిగువు కన్నా కుట్టేవారి చేతి పనితనానికే ఎక్కువ చోటు ఉంది. బాబిన్ రంధ్రంలోంచి బయటికి వచ్చిన దారపు కొసను కత్తిరించకుండా వదిలితే జరిగే అనర్థం కూడా ఇక్కడే పుడుతుంది: కేసు చుట్టూ తిరిగే ఉచ్చు ఆ కొసను పట్టుకుందంటే బట్ట అడుగున పిచ్చుకగూడు అల్లుకుపోతుంది. ఆమె బాబిన్లలో రెండింటికి అలాంటి కొసలు అంగుళం పొడవున ఉన్నాయి.

మూడో సందర్శన: చుట్టేటప్పుడు చూడటం

మూడోసారి వెళ్లి, "మీరు రోజూ ఎలా చుట్టుకుంటారో అలాగే ఒక బాబిన్ చుట్టండి, నేను మాట్లాడను" అని పక్కన కూర్చున్నాను. కారణాలన్నీ ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే బయటపడ్డాయి.

బాబిన్ చుట్టేటప్పుడు చేతి చక్రం మధ్యలోని పెద్ద మరను వదులు చేస్తే చక్రం మాత్రమే తిరిగి సూది ఆగిపోవాలి. ఆమె మిషనులో పాత నూనె గడ్డకట్టి ఆ మర కదలడం లేదు, అందువల్ల సూది, బట్టను జరిపే పళ్లు, షటిల్ అన్నీ ఉత్తినే తిరుగుతున్నాయి, తొక్కడం బరువైంది. బాబిన్ చుట్టే చిన్న చక్రానికి ఉండే రబ్బరు రింగు అరిగి, నూనె పీల్చుకొని జారిపోతోంది; అది తిరగాలంటే ఆమె ఎడమచేతి బొటనవేలితో దాన్ని పెద్ద చక్రానికి అదిమి పట్టుకుంటున్నారు. వేలి ఒత్తిడి పెరిగితే వేగం, తగ్గితే నెమ్మది. దారం రీలునుంచి బాబిన్‌కు పోయే దారిలో స్ప్రింగుతో నొక్కి ఉంచే రెండు చిన్న బిళ్లలు ఉంటాయి, చుట్టకు కావలసిన బిగువు ఇచ్చేవి అవే. వాటి మధ్య నూగు ముద్దగా పేరుకొని దారం లోపలికి దిగకుండా అంచు మీదుగా పోతోంది. ఆ బిళ్లలున్న బిగింపు కూడా ఎప్పుడో తగిలి ఒక పక్కకు జరిగింది, గోపురానికి కారణం అది.

చుట్ట మెత్తగా వస్తోందని ఆమె గమనించకపోలేదు. గమనించినప్పుడల్లా కుడిచేతి రెండు వేళ్ల మధ్య దారాన్ని గట్టిగా నొక్కి పట్టుకొని చుట్టేవారు. మూడు మెత్తని బాబిన్లు వేలితో పట్టుకోకుండా చుట్టినవి, రెండు రాతి బాబిన్లు పట్టుకొని చుట్టినవి. ఆమె ఫిర్యాదులో రెండు భాగాలు ఉండటానికి కారణం అక్కడ పూర్తిగా అర్థమైంది.

మర్నాడు ముడుచుకుపోయే కుట్టు

ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రాతి బాబిన్లే. వాటితో వేసిన కుట్టు మిషను మీద ఏ పరీక్షకైనా నిలబడుతుంది, అందుకే ఈ లోపం మెకానిక్ కంటికి దొరకదు. ఆమె వాడేది పాలియెస్టర్ దారం. నూలు దారంతో పోలిస్తే పాలియెస్టర్ బాగా సాగుతుంది, సాగినది మళ్లీ తన పొడవుకు రావాలని చూస్తుంది. వేళ్లతో బిగించి చుట్టినప్పుడు అది సాగిన స్థితిలోనే బాబిన్ మీద బంధింపబడుతుంది, అదే స్థితిలో బట్టలోకి పోతుంది, ఆ తర్వాత గంటల తరబడి నెమ్మదిగా పొట్టిదవుతుంది. బట్ట పొట్టిది కాదు కాబట్టి ముడుచుకుంటుంది. కేసులో ఉన్నంతసేపూ సాగిన దారం మధ్య గొట్టాన్ని నొక్కుతూ, బిళ్లలను పక్కలకు తోస్తూ ఉంటుంది. ప్లాస్టిక్ బాబిన్ బిళ్లలు ఒరిగిపోవడానికి కారణం అదే.

దీన్ని ఊహగా వదిలేయకుండా కొలిచాను. రాతి బాబిన్‌నుంచి దారాన్ని విప్పిన వెంటనే ఒక మీటరు కత్తిరించి, బల్ల మీద వదులుగా పరిచి ఒక రాత్రి ఉంచితే, మర్నాటికి ఆరు మిల్లీమీటర్లు తగ్గింది. అదే రీలునుంచి నేను బిగువు బిళ్లల మధ్యగా మామూలు బిగువుతో చుట్టిన బాబిన్ దారంలో స్కేలుకు అందేంత తేడా రాలేదు. మామూలు లాక్‌స్టిచ్ కుట్టుకు మీటరు పొడవుకు పై, కింది దారాలు కలిపి సుమారు రెండున్నర మీటర్లు పడతాయని, అందులో దాదాపు సగం బాబిన్‌దేనని లెక్క వేసుకుంటే, మీటరు కుట్టులో దాగిన ముడుత ఏడెనిమిది మిల్లీమీటర్ల దారం లాగినంత. మందపాటి బట్ట దీన్ని ఓర్చుకుంటుంది. పల్చని బట్ట ఓర్చుకోదు, ఆమె కుట్టేది ఎక్కువగా పల్చని బట్టలే.

సాగే గుణం ఇంకా ఎక్కువ ఉండే ఉబ్బు నైలాన్ దారాలను బిగువు లేకుండా, చాలాసార్లు చేత్తోనే చుట్టమని చెప్పేది ఇందుకే. అన్ని దారాలకూ ఒకే బిగువు సరిపడదు.

చేసిన మరమ్మతు

రబ్బరు రింగు కొత్తది వేశాను. అది తాకే చక్రపు అంచును పొడిబట్టతో నూనె మరక లేకుండా తుడిచాను. మిషనులో ఎక్కడ నూనె తక్కువైనా పలుకుతుంది, ఇక్కడ మాత్రం నూనె ఉండటమే రోగం. చేతి చక్రం మరను నూనె నానబెట్టి ఊడదీసి, లోపలి గడ్డను గోకి, తిరిగి పెట్టాను. ఆ మర వెనక చెవులున్న వాషరు ఒకటి ఉంటుంది, అది తీసిన దిక్కునే పెట్టాలి. బిగించాక మర పూర్తిగా వదులు కాకపోతే వాషరును సగం చుట్టు తిప్పి మళ్లీ పెడితే కుదురుతుంది. బిగువు బిళ్లల మధ్య నూగును మడిచిన గుడ్డ అంచుతో తీసి, బిగింపు స్క్రూ వదులు చేసి, దారం తక్కువ పడుతున్న వైపుకు కాస్త జరిపి, ఒక బాబిన్ చుట్టి చూసి, ఇంకొంచెం జరిపాను. మూడో బాబిన్‌కు చుట్ట రెండు వైపులా సమంగా వచ్చింది.

దారం నిండగానే చుట్టే చక్రాన్ని వెనక్కి తన్నే మీట ఒకటి ఉంటుంది, దాన్ని కాస్త ముందుగా తప్పుకునేలా సర్దాను. బాబిన్‌ను అంచుదాకా నింపాలన్న ఆశ సహజమే, మళ్లీ చుట్టే శ్రమ తప్పుతుంది కదా. ఆ ఆశకు లెక్కలో కొంత ఆధారం కూడా ఉంది: మధ్య గొట్టం 7 మిల్లీమీటర్లు, బిళ్ల 20 మిల్లీమీటర్లు అనుకుంటే, చిట్టచివరి అర మిల్లీమీటరు మందంలోనే మొత్తం దారంలో తొమ్మిదో వంతు ఉంటుంది. కానీ ఆ తొమ్మిదో వంతే కేసు గోడకు రాసుకొని బాబిన్ తిరగకుండా పట్టేస్తుంది. కార్ఖానా మిషన్ల మాన్యువళ్లలో బాబిన్‌ను సుమారు 80 శాతం నింపమని రాసి ఉండటం నేను చూశాను. ఈ ఇంటి మిషనులో బిళ్ల అంచుకు ఒక మిల్లీమీటరు కిందుగా ఆపితే చాలని నా అనుభవం.

బిళ్లలు ఒరిగిన ప్లాస్టిక్ బాబిన్‌ను, రంధ్రం దగ్గర గరుకు లేచిన ఇనుప బాబిన్ ఒకదాన్ని పక్కన పడేయించాను. పాత చుట్టలన్నీ విప్పించాను. మిగిలిన దారం మీదే కొత్త దారం చుట్టే అలవాటు ఆమెకు ఉంది, అది మానమన్నప్పుడు దారం వృథా అవుతుందని బాధపడ్డారు. కింద మెత్తని పొర ఉంటే పైన ఎంత చక్కగా చుట్టినా కూరుకుపోతుందని ఒక బాబిన్ గోటితో నొక్కి చూపిస్తే ఒప్పుకున్నారు.

తర్వాత చుట్టే పద్ధతి ఆమె చేతే చేయించాను. రీలునుంచి వచ్చిన దారాన్ని రెండు చేతులతో పట్టుకొని బిగువు బిళ్లల మధ్యకు లాగితే లోపలికి దిగినట్టు వేళ్లకే తెలుస్తుంది. కొసను బాబిన్ లోపలినుంచి రంధ్రంలోంచి బయటికి తీసి, దాన్ని పట్టుకొనే పది పన్నెండు చుట్లు నెమ్మదిగా తొక్కి, ఆగి, కొసను బిళ్లకు ఆనించి కత్తిరించి, అప్పుడు ఒకే వేగంతో కొనసాగించాలి. దారాన్ని వేళ్లతో పట్టుకోవలసిన పని లేదు. పట్టుకోవాలనిపిస్తోందంటే బిగువు బిళ్లల్లో ఏదో తేడా ఉందని అర్థం. ఆమె చుట్టిన నాలుగో బాబిన్‌కు తొక్కుడు లయ కుదిరింది, రింగు జారకుండా తిరిగే చప్పుడు కూడా ఒకే శ్రుతిలో వినిపించింది.

బాబిన్ కేసు స్క్రూను చిట్టచివరకు ముట్టుకున్నాను. ఇంతమంది తిప్పిన స్క్రూ కాబట్టి దాని స్థానానికి అర్థం ఏమీ మిగల్లేదు. సరిగా చుట్టిన బాబిన్ వేసి, దారం కొస పట్టుకొని కేసును గాలిలో వేలాడదీశాను. ఊరికే వేలాడదీస్తే కదలకూడదు, చేతిని చిన్నగా ఎగరేస్తే రెండు మూడు అంగుళాలు జారి ఆగిపోవాలి. అలా ఆగేదాకా సర్ది, స్క్రూ తల మీదినుంచి కేసు మీదికి రంగుతో సన్నని గీత ఒకటి గీశాను, ఇకమీద ఎవరు తిప్పినా తెలియాలని.

తర్వాత

రెండు వారాలకు ఒకసారి, రెండు నెలలకు మరోసారి వెళ్లి చూశాను. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక కుట్టులో మాత్రం పాత వదులు కనిపించింది. అడిగితే, తొందరలో డబ్బా అడుగున దొరికిన పాత బాబిన్ వేశానని చెప్పారు. అది ఐదింటి లెక్కలో లేని ఆరో బాబిన్, దానిమీద రెండు రంగుల దారాలు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. దాన్ని కూడా విప్పించాను.

రెండు నెలల తర్వాత ఆమె ముందురోజు కుట్టి వేలాడదీసిన పల్చని బట్టలు చూశాను. కుట్టు వెంబడి ముడుత లేదు, పైన కింది దారం చుక్క గానీ అడుగున పై దారం చుక్క గానీ లేదు. బాబిన్ కేసు తీసి వెలుతురులో తిప్పి చూస్తే, స్క్రూ తల మీది గీత కేసు మీది గీతతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసే ఉంది.